డ్యూటీకి వెళ్ళేది ఒక్కరే, ముప్పు ఇంటిల్లిపాదికీ

అందరికీ నమస్కారం.

కోవిడ్ రోజుల్లో మళ్ళీ పనిలోకి రమ్మన్నప్పుడు చాలా ఆఫీసులు, ఫ్యాక్టరీలు ఒక ఫారం నింపించుకున్నాయి. మీలోనూ చాలామంది నింపే ఉంటారు. జ్వరం ఉందా, దగ్గు ఉందా, వాసన తెలుస్తోందా, గత 14 రోజుల్లో కోవిడ్ వచ్చినవాళ్ళను కలిశారా? కింద సంతకం, తేదీ. నేను చూసిన ఫారాల్లో ఒక ప్రశ్న మాత్రం ఎక్కడా కనిపించలేదు. మీ ఇంట్లో ఎవరున్నారు?

ఈ రోజు నా మాటలన్నీ ఆ అడగని ప్రశ్న గురించే.

పనిచేసే చోట మనల్ని ఒంటరి మనుషులుగా లెక్కేస్తారు. వయసు ముప్పై, బీపీ లేదు, షుగర్ లేదు, టీకా పడింది, ఇంకేం, రావచ్చు. ఆ ముప్పయ్యేళ్ళ మనిషి సాయంత్రం ఇంటికి వెళ్తే అక్కడ కిడ్నీ మార్పిడి జరిగిన భార్య ఉండొచ్చు. కీమో నడుస్తున్న తల్లి ఉండొచ్చు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే తండ్రి ఉండొచ్చు. లెక్క ఇంటికి కట్టాలి. కట్టేది మనిషికి. ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది.

"అదంతా అయిపోయింది కదండీ, ఇప్పుడెందుకు?" అని కొందరు అడిగారు, ఈ సభకు వస్తున్నానని తెలిసి. 2020 జనవరి 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మార్చి 11న దీన్ని మహమ్మారి అంది. 2023 మే 5న ఆ అత్యవసర పరిస్థితిని ఎత్తేసింది. ఎత్తేసింది ప్రకటననే. వైరస్ ఎక్కడికీ పోలేదు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు రోజూ వేసుకునే మనిషికి మే 4కీ మే 6కీ తేడా ఏమీ తెలియలేదు. పైగా ఇంకో మహమ్మారి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడూ ఇదే ఫారం తీసుకొస్తారేమోనని నా భయం.

ముందు ఒక అపోహ సంగతి చూద్దాం. "మీ ఇంట్లోవాళ్ళు టీకా వేయించుకున్నారుగా, ఇంకా టెన్షన్ ఎందుకు?" ఈ మాట మేనేజర్లు అంటారు, బంధువులు అంటారు, ఒక్కోసారి వేరే విభాగం డాక్టర్లు కూడా అంటారు. అవయవ మార్పిడి జరిగిన 658 మందిని అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకా (ఫైజర్, మోడర్నా లాంటివి) రెండు డోసులు పడ్డాక కూడా వాళ్ళలో 46 శాతం మందికి యాంటీబాడీలు కనిపించలేదు. ఆరోగ్యవంతుల్లో దాదాపు అందరికీ వస్తాయి. యాంటీబాడీలు లేనంత మాత్రాన రక్షణ పూర్తిగా సున్నా అనలేం, శరీరానికి వేరే దారులు కూడా ఉన్నాయి. అదనపు డోసులతో కొందరికి మెరుగైంది కూడా. కానీ "టీకా పడింది కదా" అనే మాట ఆ ఇంట్లో ఎందుకు నిలబడదో ఈ లెక్క చెప్తుంది. రక్త క్యాన్సర్లు ఉన్నవాళ్ళు, రిటుక్సిమాబ్ లాంటి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు తీసుకునే కీళ్ళవాతం రోగులు, వీళ్ళదీ ఇదే కథ. బయటికి చూస్తే బాగానే ఉంటారు, నవ్వుతూ మాట్లాడతారు. అందుకే ఎవరూ నమ్మరు.

అందుకని ఆ ఇంట్లో మిగతావాళ్ళ టీకా ఇంకా ముఖ్యమైంది. రోగి ఒంట్లో టీకా సరిగా పనిచెయ్యకపోతే, పనికి వెళ్ళే మనిషి ఒంట్లోనైనా పనిచెయ్యాలి.

బయటికి వెళ్ళే మనిషి ఇంటికి ముప్పు తెస్తాడన్నది ఉత్త భయం కాదు, లెక్కలున్నాయి. స్కాట్లాండ్‌లో చాలా శ్రద్ధగా ఒక పని చేశారు. లక్షా 58 వేల పైచిలుకు ఆరోగ్య సిబ్బందినే కాకుండా, వాళ్ళతో ఒకే ఇంట్లో ఉండే సుమారు 2 లక్షల 30 వేల మందిని కూడా కలిపి చూశారు. 2020 మార్చి నుంచి జూన్ దాకా ఎవరు కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరారు? పని చేసే వయసువాళ్ళ అడ్మిషన్లలో 17 శాతం, అంటే దాదాపు ఆరింట ఒకటి, ఈ సిబ్బందీ వాళ్ళ ఇళ్ళవాళ్ళవే. రోగుల దగ్గర నేరుగా పనిచేసేవాళ్ళ ఇళ్ళలోని మనుషులకు, రోగులతో పని లేని సిబ్బంది ఇళ్ళవాళ్ళతో పోలిస్తే, ఆసుపత్రి పాలయ్యే ముప్పు రెట్టింపుకు కొంచెం తక్కువ. గమనించండి, వీళ్ళు డ్యూటీకి ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు కాదు.  ఇంట్లో ఉన్నారంతే.

అదే స్కాట్లాండ్ సమాచారం ఇంకో మంచి విషయం కూడా చెప్పింది. సిబ్బందికి టీకాలు వేశాక వాళ్ళ ఇళ్ళవాళ్ళలో కేసులు తగ్గాయి. మొదటి డోసు పడిన రెండు వారాల తర్వాత సుమారు 30 శాతం, రెండో డోసు తర్వాత సగానికి పైగా. పనిచేసే చోట ఒక రక్షణ ఏర్పాటు చేస్తే దాని ఫలితం ఇంటిదాకా వస్తుంది. తర్వాత వచ్చిన వైరస్ రకాల మీద ఈ అంకెలు అలాగే నిలవలేదు కానీ, దిశ మాత్రం అదే.

మరి ప్రభుత్వాలు ఇంటిని చూశాయా? బ్రిటన్‌లో 2020 మార్చిలో తీవ్రమైన ముప్పు ఉన్నవాళ్ళకు ఉత్తరాలు రాశారు, ఇల్లు కదలొద్దని. మంచిదే. కానీ అదే ఇంట్లో ఉన్న మిగతావాళ్ళకు ఆ నియమం లేదు, వాళ్ళు మామూలుగా పనికి వెళ్ళొచ్చు. ఇంట్లో ఉండిపోతే రోగికి సిక్ పే, అంటే జబ్బు సెలవు జీతం, వచ్చేది. రోగికి వైరస్ తేకూడదని ఇంట్లో ఉండిపోయిన భర్తకు మాత్రం ఆ కారణంతో వచ్చేది కాదు. ఒకే వంటగది, ఒకే మంచం, రెండు నియమాలు. ఆ ఉత్తరం రాసినవాళ్ళకు వైరస్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి వస్తుందని ఏమైనా నమ్మకం ఉందేమో నాకు తెలియదు. (నవ్వులు)

సరే, మనకు దక్కినవి ఆ నియమాలే. వాటితోనే మన పని మనం చూసుకోవాలి. పనిచేసే చోట ముప్పు ఎక్కడుందో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది.

2020 మార్చిలో దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో ఒక కాల్ సెంటర్‌లో కేసులు బయటపడ్డాయి. ఆ భవనానికి సంబంధించి 1,143 మందికి పరీక్షలు చేశారు. 97 మందికి పాజిటివ్. అందులో 94 మంది ఒకే అంతస్తు, పదకొండోది. ఆ అంతస్తులో పనిచేసేవాళ్ళు మొత్తం 216 మంది. అంటే వందకి 43 మందికి పైగా అంటుకుంది. వాళ్ళలో ఎక్కువమంది అంతస్తులో ఒకే వైపు కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఆలోచించండి. లిఫ్టు అందరిదీ. లాబీ అందరిదీ. ఆ లిఫ్టు బటన్లే వైరస్‌ని పంచి ఉంటే భవనమంతా పాకాలి. పాకలేదు. ఒకే గదిలో దగ్గర దగ్గరగా కూర్చుని, గంటల తరబడి మాట్లాడుతూ, ఒకే గాలి పీల్చినవాళ్ళకు వచ్చింది.

అయినా మనం ఏం చేశాం? బటన్లు తుడిచాం. కూరగాయలు కడిగాం. 2020 జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు, ఇది గాలిలో వ్యాపిస్తోంది, ఒప్పుకోండి అని. ఆ మాట అధికారిక సూచనల్లోకి ఇంకడానికి చాలా కాలం పట్టింది. కలుషితమైన వస్తువును ఒకసారి తాకితే జబ్బు అంటుకునే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పింది. చేతులు కడుక్కోండి, వేరే జబ్బులకు అది అవసరమే. కానీ ఇంటికి రాగానే గంటసేపు సంచులు తుడిచి, తర్వాత మూసిన గదిలో అమ్మ పక్కన కూర్చుని టీవీ చూస్తే మన శ్రమంతా వృథా.

నుదుటి మీద జ్వరం తుపాకీ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఈ జబ్బు లక్షణాలు కనిపించడానికి సుమారు రెండు రోజుల ముందు నుంచే పక్కవాళ్ళకు అంటుతుంది. ఆ రెండు రోజులూ ఆ తుపాకీ మనకి "బాగున్నారు, వెళ్ళండి" అనే చెప్తుంది.

ఇక గాలి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మేనేజర్ దగ్గర అడగడానికి ఇంతకన్నా గట్టి విషయం లేదు.

గదిలో ఎవరో సిగరెట్ కాలుస్తున్నారనుకోండి. రెండు గజాలు దూరం జరిగితే వాసన తగ్గుతుంది, పోదు. తలుపులు మూసి ఉంటే గది నిండిపోతుంది. మనిషి బయటికి పోయినా పొగ ఉంటుంది. వైరస్ ఉన్న ఊపిరి కూడా అంతే, కాకపోతే కనపడదు, వాసన రాదు. దాన్ని కొలవడానికి ఒక అడ్డదారి ఉంది, కార్బన్ డయాక్సైడ్. బయటి గాలిలో అది మిలియన్‌కు సుమారు 420 పాళ్ళు. మనం వదిలే ఊపిరిలో సుమారు 40 వేలు. గదిలో మీటర్ 1,200 చూపిస్తే, ఆ గదిలో మీరు పీల్చే గాలిలో దాదాపు రెండు శాతం ఇంతకుముందే ఎవరి ఊపిరితిత్తుల్లోనో తిరిగొచ్చిందన్నమాట. అంటే ప్రతి 50 ఊపిరుల్లో ఒకటి ఇంకొకరిది. 800 దాటకుండా చూసుకోవడం మంచిదని చాలామంది నిపుణులు చెప్తారు.

గాలి మారడం ఎంత ముఖ్యమో చిన్న లెక్క చెప్తాను. సీడీసీ 2023 మేలో గంటకు 5 సార్లు గదిలో గాలి మారాలని లక్ష్యం పెట్టింది. 5 సార్లు మారితే, గాలి బాగా కలుస్తోందనుకుంటే, 12 నిమిషాల్లో గదిలో తేలుతున్న వైరస్‌లో 37 శాతం మిగులుతుంది. 36 నిమిషాల్లో 5 శాతం. అదే గంటకు ఒక్కసారి మారితే ఆ 5 శాతానికి రావడానికి మూడు గంటలు. మీరు ఉదయం తొమ్మిదికి మీటింగ్ రూమ్‌లోకి వెళ్తే, ఎనిమిదింటికి అక్కడ దగ్గిన మనిషి ఇంకా అక్కడే ఉన్నట్టు లెక్క.

కాబట్టి అడగాల్సినవి ఇవి. కిటికీలు తెరుచుకుంటాయా, లేక సీలు వేశారా? ఏసీ బయటి గాలి తెస్తోందా, లేక ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతోందా? చాలా గోడ ఏసీలు రెండో పనే చేస్తాయి, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? గదిలో హెపా ఫిల్టర్ యంత్రం పెట్టగలరా? హెపా అంటే 0.3 మైక్రాన్ కణాల్లో 99.97 శాతం పట్టేసేది. అంత ఖర్చు పెట్టలేమంటే, మామూలు ఫ్యాన్‌కు నాలుగైదు మంచి ఫిల్టర్లు పెట్టెలా బిగించి టేపు అంటించే పద్ధతి ఒకటుంది. రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ అనే ఇద్దరు 2020లో ఈ ఆలోచన చేశారు, వాళ్ళ పేరుతోనే పిలుస్తారు. చూడ్డానికి చిన్నపిల్లల ప్రాజెక్టులా ఉంటుంది గానీ బాగా పనిచేస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఫిల్టర్ వైరస్‌ని పడుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ని పట్టదు. ఫిల్టర్ నడుస్తున్న గదిలో మీటర్ ఎక్కువ చూపించినంత మాత్రాన భయపడక్కర్లేదు.

మాస్కు సంగతి. పక్కవాళ్ళెవరూ పెట్టుకోకపోతే నేనొక్కడినే పెట్టుకుని ఏం లాభం అంటారు. గుడ్డ మాస్కయితే ఆ మాట చాలావరకు నిజమే. ఎన్95 స్థాయి మాస్కు ముఖానికి సరిగా అతుక్కుంటే, పెట్టుకున్న మనిషిని కాపాడటానికే తయారైంది. ముక్కు పక్కన ఖాళీ ఉంటే మాత్రం పేరు ఎన్95 అయినా పని గుడ్డదే. అసలు ముప్పు మాస్కు తీసే చోట ఉంది. రోజంతా జాగ్రత్తగా ఉండి, భోజనాల గదిలో పదిమంది మధ్య మాస్కు తీసి అరగంట కబుర్లు చెప్తే అంతా పోయినట్టే. ఆఫీసులో ఒక్కటే సౌకర్యం అడగమంటే నేను భోజనం వేళ మార్చమని అడుగుతాను, లేదా ఆరుబయట తినడానికి చోటు అడుగుతాను. ఖర్చు లేదు, ఎవరూ కాదనలేరు. ఇంటికి చేర్చే ఆఫీసు వ్యాన్ కూడా అంతే. అద్దాలు దించండి. అందరూ విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

మేనేజర్‌తో మాట్లాడటం చాలామందికి జబ్బు కన్నా పెద్ద భయం. నా సలహా ఏమిటంటే, "నాకు భయంగా ఉంది" అని మొదలుపెట్టొద్దు. భయానికి జవాబుగా ధైర్యం చెప్తారు. ధైర్యంతో గాలి మారదు. "ఈ మూడు నెలలు కేసులు తగ్గేదాకా వారంలో ఇన్ని రోజులు ఇంటి నుంచి చేస్తాను, ఈ పని ఇంటి నుంచి ఇలా అవుతుంది" అని చెప్పండి. ఇంటి నుంచి కుదరని పనయితే, జనం తక్కువుండే షిఫ్ట్, కౌంటర్‌కు బదులు వెనక గది పని, కిటికీ పక్క సీటు, ఇలా ఒక్కోటి విడివిడిగా అడగండి. నోటితో అడిగాక మెయిల్ పెట్టండి, తేదీ ఉంటుంది. డాక్టర్ ఉత్తరం జత చేయండి. ఆ ఉత్తరంలో జబ్బు పేరు ఉండాల్సిన పని లేదు. "ఈ ఉద్యోగి ఇంట్లో రోగనిరోధక శక్తి తగ్గిన మనిషి ఉన్నారు, శ్వాస ద్వారా వచ్చే ఇన్ఫెక్షన్ వారికి ప్రమాదకరం" అంటే చాలు. జబ్బు మీ భార్యది, మీ తల్లిది. అది ఆఫీసులో నలుగురికీ తెలియాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం. మీ ఉద్యోగం కోసమే అయినా సరే, ముందు వాళ్ళను అడగండి.

చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది? ఆశించినంత కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందంలో 13వ అధికరణం ఉంది. తన ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణ, తీవ్ర ప్రమాదం ఉందని నమ్మడానికి తగిన కారణం ఉండి పని వదిలి వెళ్ళిన కార్మికుణ్ణి శిక్షించకూడదని దాని సారాంశం. 2022లో ఈ ఒప్పందాన్ని మౌలిక ఒప్పందాల జాబితాలో చేర్చారు. గొప్ప విషయమే. కానీ చూడండి, "తన" ప్రాణం. ఇంట్లోవాళ్ళ ప్రాణం అని ఎక్కడా లేదు. అమెరికాలోనూ అంతే. వికలాంగుల చట్టం కింద ఉద్యోగికి వైకల్యం ఉంటే యజమాని సౌకర్యం కల్పించాలి. ఉద్యోగి ఇంట్లోవాళ్ళకు ముప్పు ఉందని ఆ చట్టం కింద సౌకర్యం అడిగే హక్కు లేదని అక్కడి సమాన ఉద్యోగావకాశాల కమిషన్ కోవిడ్ సమయంలో స్పష్టంగా చెప్పింది. చట్టం కూడా మనిషినే చూసింది, ఇంటిని చూడలేదు. మీ దేశంలో, మీ సంస్థలో నియమం వేరుగా ఉండొచ్చు, యూనియన్ ఉంటే ముందు అక్కడ అడగండి. ఒక్కరే అడిగితే అది మీ ఇంటి గొడవ అనుకుంటారు. ఇలాంటి ఇళ్ళున్నవాళ్ళు పదిమంది కలిసి అడిగితే అది ఆ సంస్థ సమస్య అవుతుంది. ప్రతి పెద్ద ఆఫీసులోనూ పదిమంది ఉంటారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే.

ఇప్పుడు ఇంటికి వద్దాం. కష్టమైన భాగం ఇదే.

చాలా ఇళ్ళలో నేను చూసిందేమిటంటే, జబ్బున్న మనిషిని తప్ప మిగతా అందరినీ అడిగి నిర్ణయం తీసుకుంటారు. పనికి వెళ్ళాలా, సెలవు పెట్టాలా, వేరే గది తీసుకోవాలా, అన్నీ వంటింట్లో గుసగుసగా తేలిపోతాయి. ఆ మనిషి అవతల గదిలో అన్నీ వింటూనే ఉంటుంది. అడిగితే ఏమంటుంది? "నా గురించి చూడకు, వెళ్ళు" అంటుంది. ఆ మాటను అనుమతిగా తీసుకోకండి. తన వల్ల ఇంటికి జీతం ఆగుతోందన్న బాధతో అన్న మాట అది. కాస్త ఆగి మళ్ళీ అడగాలి. నీకు ఎక్కడ ఎక్కువ భయం వేస్తోంది? ఏ జాగ్రత్త నీకు చికాకు? నేను ఇంటికి రాగానే ఏం చేస్తే నువ్వు కుదురుగా పడుకుంటావు? జవాబులు మనం ఊహించినవి ఉండవు. పక్కన కూర్చుని తినడం మానేస్తే తట్టుకోలేనని ఒకరంటారు, అది ఉండనిచ్చి మిగతావన్నీ మానెయ్ అంటారు. ఇంకొకరు, బట్టలు మార్చుకుని వస్తే చాలు, నా మనసుకు బాగుంటుంది అంటారు. బట్టలతో పెద్దగా ఉపయోగం లేదని మీకు తెలుసు. అయినా మార్చుకోండి. ఆ మనిషికి నిద్ర పట్టడం కూడా వైద్యమే.

ఇంకొకటి, దాచిపెట్టడం. ఆఫీసులో పక్క సీటు మనిషికి పాజిటివ్ వచ్చింది. ఇంట్లో చెప్తే కంగారు పడతారని చెప్పరు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ క్షణం నుంచి ఇంట్లో ఉన్న మనిషికి తన ప్రాణం గురించి తాను ఏమీ చేసుకోలేని స్థితి తెస్తున్నాం. చెప్తే కిటికీ తెరుచుకుంటుంది, మాస్కు పెట్టుకుంటుంది, డాక్టర్‌కు ముందే ఫోన్ చేస్తుంది. తెలిసిన వెంటనే చెప్పాలి అనేది ఇంట్లో మొదటి ఒప్పందం కావాలి. చెప్పినందుకు కోప్పడకూడదు అనేది రెండోది. రెండోది లేకపోతే మొదటిది నిలవదు.

అలా ఎవరితోనైనా దగ్గరగా మసిలినట్టు తెలిస్తే, కనీసం ఐదారు రోజులు ఇంట్లోనూ మాస్కు, వేరుగా భోజనం, వీలైతే వేరే గదిలో పడక. మొదటి రకం వైరస్‌కు లక్షణాలు రావడానికి సగటున ఐదు రోజులు పట్టేది, ఒమిక్రాన్‌కు మూడు. ఇంటి యాంటిజెన్ టెస్టు మొదటి రోజు నెగటివ్ వచ్చిందని సంబరపడొద్దు. 48 గంటల తేడాతో మళ్ళీ చేయాలి, లక్షణాలు లేకపోతే మూడుసార్లు. ఇల్లంతా ఒకటే గది అనేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకు "వేరే గది" సలహా ఇవ్వడం వెటకారం చేసినట్టు ఉంటుంది. ఒక్క గదిలో అయినా కిటికీ దగ్గర బయటికి గాలి తోసేలా ఫ్యాన్ పెట్టొచ్చు, తలలు అటొకరు ఇటొకరు పెట్టుకుని పడుకోవచ్చు, మాటలు వరండాలోనో మేడ మీదో మాట్లాడుకోవచ్చు. పూర్తి రక్షణ దొరకదు, కొంత దొరుకుతుంది. కొంత కూడా లెక్కలోదే.

పనికి వెళ్ళడం అనే రిస్క్ తప్పనప్పుడు, మిగతా రిస్కులు తగ్గించుకోవచ్చు. ఇల్లు మొత్తం తట్టుకోగలిగింది ఇంత అని ఉంటుంది. ఉద్యోగం అందులో పెద్ద భాగం తినేస్తుంది. మిగిలింది దేనికి ఖర్చు పెట్టాలో అందరూ కూర్చుని తేల్చుకోండి. ఒకరికి స్నేహితుల్ని కలవడం ముఖ్యం, ఒకరికి మనవల్ని. అన్నీ మానేయమంటే నెల తిరక్కుండా అందరూ చాటుగా మొదలుపెడతారు.

జీతం గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. అవయవ మార్పిడి జరిగిన మనిషికి మందులు జీవితాంతం. ఆ మందులు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ జీతం నుంచే. కొన్ని దేశాల్లో ఆరోగ్య బీమా కూడా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. పని మానేసి ఇంట్లో కూర్చోవడం అంటే రోగిని కాపాడటమే అనుకోవడానికి లేదు. ఒక్కోసారి అది ఇంకో వైపు నుంచి ప్రమాదం తేవడం. ఈ రెంటి మధ్య నలిగినవాళ్ళను బయట ఉన్నవాళ్ళు సులువుగా తప్పుపడతారు. వెళ్తే స్వార్థం అంటారు, మానేస్తే పిరికితనం అంటారు. వాళ్ళు చెప్పేది వినాల్సిన పని లేదు.

చివరిగా, అన్ని జాగ్రత్తల తర్వాత కూడా రోగికి జబ్బు వస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోండి. యాంటీవైరల్ మందులకు టైమ్ ఉంటుంది. పాక్స్‌లోవిడ్ లక్షణాలు మొదలైన ఐదు రోజుల లోపల వేయాలి. కానీ అందులో ఉండే రిటోనావిర్, మార్పిడి రోగులు వేసుకునే టాక్రోలిమస్ మోతాదును రక్తంలో ప్రమాదకరంగా పెంచేస్తుంది. కాబట్టి పక్క వీధి డాక్టర్ రాసినా సరే, అసలు మార్పిడి చూసుకునే డాక్టర్‌ని అడక్కుండా వేయొద్దు. వాళ్ళ ఫోన్ నంబర్, రాత్రివేళ ఎవరికి చేయాలో, మందుల జాబితా, ఒక కాగితం మీద పెట్టి తలుపు వెనక అంటించండి. మీకే జబ్బు వస్తే ఆ మనిషిని ఎవరు చూసుకుంటారు? ఆ పేరు కూడా అదే కాగితం మీద ఉండాలి, ఆ మనిషిని ముందే అడిగి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఏది కొనాలి?)

కంపెనీ పేరు చెప్పను. ఎన్‌డీఐఆర్ సెన్సర్ అని రాసి ఉందా చూడండి, అంటే పరారుణ కాంతితో ఈ వాయువునే నేరుగా కొలిచేది. కొన్ని చవక మీటర్లు వేరే వాయువులను కొలిచి అంచనాగా ఒక అంకె చూపిస్తాయి, అవి దండగ. కొన్నాక ఆరుబయట పెట్టండి, 420 దగ్గర ఆగాలి. ఆఫీసులో నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు.

(ఒక మహిళ: ఇంట్లో ఇలా ఉందని చెప్తే ప్రమోషన్ ఇవ్వరేమోనని భయం. చెప్పకపోతే సౌకర్యం అడగలేను. ఏం చేయాలి?)

ఆ భయం అనవసరమైంది అని నేను అనను. ఇలాంటివి జరుగుతాయి. అందరికీ పనికొచ్చే వాటిని ఇంటి ప్రస్తావన లేకుండా అడగొచ్చు కదా. కిటికీలు, ఫిల్టర్, భోజనం వేళలు, జబ్బుతో వచ్చినవాళ్ళను వెనక్కి పంపి జీతం కోయకుండా ఉండటం. ఆఖరుది మరీ ముఖ్యం. జీతం కోస్తే జ్వరం మాత్ర వేసుకుని వస్తారు, ఎవరైనా సరే. ఇవన్నీ అయ్యాక కూడా మీకు ప్రత్యేకంగా ఏదైనా కావాలంటే అప్పుడు చెప్పండి, రాతపూర్వకంగా. తర్వాత ప్రమోషన్ ఆగితే ఆ తేదీ ఉన్న మెయిల్ మీకు ఆధారం.

(వెనక నుంచి ఒకరు: మా నాన్నగారికి ఊపిరితిత్తుల జబ్బు. నేను ఇంట్లో మాస్కు పెట్టుకుంటే బాధపడుతున్నారు, పరాయివాణ్ణి చూసినట్టు చూస్తున్నావంటారు.)

ఇది చాలా ఇళ్ళలో ఉంది. పెద్దవాళ్ళకు మాస్కు అంటే "నీ దగ్గర జబ్బుంది" అన్నట్టు వినిపిస్తుంది. మీరు ఎంత చెప్పినా కొడుకు మాటగానే వింటారు. రోజంతా పెట్టుకోవాల్సిన పని కూడా లేదు. ఆఫీసులో ఏదైనా తేడా జరిగిన వారం, ఊళ్ళో కేసులు పెరిగిన రోజులు, అప్పుడే. మిగతా రోజుల్లో కిటికీ తెరిచి ఆయనతో మామూలుగా కూర్చోండి, అప్పుడు మాస్కు పెట్టిన రోజు ఆయనకు అంత కష్టం అనిపించదు. ఎప్పుడు పెట్టాలో ఎప్పుడు వద్దో మీరు తేల్చకండి. వచ్చే చెకప్‌కి ఆయనతో పాటు మీరూ లోపలికి వెళ్ళి, ఆయన ఎదురుగానే డాక్టర్‌ని అడగండి.